రాణిగారి కణుపుల బెగోనియా

అనగనగా మండుటెండల రాజ్యమొకటి. మబ్బులు మసలే కొండసీమ నుంచి ఆ రాజ్యానికి కోడలై వచ్చింది రాణి హేమాంగి. వస్తూ వస్తూ పుట్టింటి పెరటి నుంచి మూడు కుండీల్లో కణుపుల బెగోనియాలు తెచ్చుకుంది. వెదురులా కణుపు కణుపుగా ఎదిగే మొక్కలవి. ఒకదానికి ఎర్రపూలు, ఒకదానికి తెల్లపూలు, మూడోదానికి ఆకు నిండా వెండిచుక్కలు, గులాబీరంగు పూలగుత్తులు.

ఏడాది తిరక్కుండా తల్లి కన్నుమూసింది. పెరడు పాడుబడింది. ఇక హేమాంగికి పుట్టిల్లంటే ఆ మూడు కుండీలే.

"ఎర్రపూల మొక్కను మేడమీద పెట్టించు. అక్కణ్ణుంచి మా కొండలు కనిపిస్తాయి" అంది రాణి. ఎండకు ఆకులు మాడతాయని తోటమాలికి తెలుసు. అయినా "చిత్తం మహారాణీ" అన్నాడు. వారం తిరిగేసరికి మొక్క మాడిపోయింది.

"తెల్లపూల మొక్కకు ఎరువు బాగా దట్టించు. త్వరగా పూస్తే చూసుకోవాలని ఉంది" అంది. అంత ఎరువుకు అది తాళలేదనీ అతనికి తెలుసు. మళ్ళీ చిత్తమే అన్నాడు. అదీ పోయింది. మనకెందుకొచ్చిన గొడవ అనుకునేవాళ్ళకు కోటల్లో కొదవేముంది?

మూడోదాన్ని రాణి తన గదిలోనే పెట్టుకుంది. ఎవరినీ తాకనివ్వక తానే నీళ్ళు పోసింది. అయినా ఆకులు పసుపుబారి ఒక్కొక్కటే రాలసాగాయి. రాణికి అన్నం సయించలేదు.

కోటకు కుండలు తెచ్చిన కుమ్మరి గవరమ్మ ఆ మొక్కను చూసి ఆగింది. మట్టిలో వేలు గుచ్చింది.

"నీళ్ళు ఎప్పుడు పోస్తారు తల్లీ?"

"మా అమ్మ గుర్తొచ్చినప్పుడల్లా."

"రోజుకు ఎన్నిసార్లు గుర్తొస్తుంది?"

రాణి కళ్ళు నిండాయి.

దాసీలు గవరమ్మను ఊరుకోమని సైగ చేశారు. రాణికి కోపమొస్తే కోటకు కుండలమ్మడం ఆ రోజుతో సరి. అయినా ఆమె దాచలేదు.

"మీ ప్రేమే దీన్ని ముంచేసింది తల్లీ. వేళ్ళు కుళ్ళాయి. పైకొమ్మలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. కోసి వేరే మట్టిలో నాటితే బతుకుతాయి."

"మా అమ్మ చేత్తో నాటిన మొక్క. కత్తి పెట్టమంటావా?"

"పెట్టకపోతే ఇదీ దక్కదు."

రాణి కత్తి తెప్పించింది. తానే పైకొమ్మను కణుపు కింద కోసింది. అడుగున చిల్లులున్న కుండీలో ఇసుకా ఆకుమట్టీ కలిపి నాటించింది గవరమ్మ. వాలకుండా పుల్ల కట్టి, తూర్పు కిటికీ పక్కన, వెలుగుండే నీడలో పెట్టించింది.

"అయితే మా అమ్మను తలుచుకోకూడదా?" అని అడిగింది రాణి.

"తలుచుకోండి తల్లీ, ఎవరొద్దన్నారు? నీళ్ళు మాత్రం పైమట్టి ఆరాకే పోయండి."

నెల తిరిగేసరికి కొత్త చిగురు వచ్చింది. వానాకాలానికి గులాబీరంగు గుత్తి వేలాడింది. ఆ పూట రాణికి అమ్మ మరీ మరీ గుర్తొచ్చింది. చెంబు అందుకుంది. మట్టి తాకి చూస్తే ఇంకా తడిగానే ఉంది. చెంబు కింద పెట్టేసి, మొక్క పక్కన కూర్చుని కరువుతీరా ఏడ్చింది.

ప్రేమ ఒక్కటే చాలదు; ప్రేమించినదానికి ఏం కావాలో తెలుసుకోవాలి, తెలిసినవాళ్ళు భయపడకుండా చెప్పాలి.