మిద్దె మీది గాలి

హైవే పక్కన గాలి ఎంత పాడైందో కొలవమని ఆఫీసువాళ్లు నాకో యంత్రం అప్పగించారు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ గాలి నాకు పడదు.

ఊళ్లో నన్ను నేను సైంటిస్టునని చెప్పుకునేవాణ్ణి. నిజానికి నా పని యంత్రంలో తెల్ల కాగితం పెట్టడం, రోజు గడిచాక తీయడం. గాలిలోని దుమ్మంతా ఆ కాగితానికి పట్టుకుంటుంది. ఆఫీసులో దాన్ని తూచి లెక్క తేలుస్తారు. ఆ తూచే పని కూడా నాకివ్వలేదు.

యంత్రం పెట్టాల్సిన చోటు రోడ్డు వారన, దర్గా ముందు. ఆ దర్గాలో ఉండే దస్తగిరి తాత నాకు గురువు. గుమ్మం పక్కనే సైదమ్మ పూలు, సాంబ్రాణి అమ్ముతుంది. వచ్చేపోయే లారీల డ్రైవర్లు ఇంజను ఆపకుండానే దిగి, దండం పెట్టుకుని వెళతారు. ఆ పొగంతా సైదమ్మ బుట్ట మీదే. మూడేళ్లుగా ఆమెకు దగ్గు. లారీలు అవతల ఆగేలా చూడమని అర్జీ పెట్టుకుంది. యంత్రం ఏం చెబితే అలా చేద్దామన్నారు పైవాళ్లు.

మొదటి రోజు అక్కడ గంటసేపు నిలబడ్డాను. కళ్లు మండాయి. కొత్త చొక్కా మసిబారింది. మర్నాడు ఇద్దరు కూలీలను పెట్టి యంత్రాన్ని దర్గా వెనక మిద్దె మీదికి, నీళ్ల ట్యాంకు చాటుకు చేర్పించాను. దొంగల భయం ఉందని రిజిస్టర్లో రాశాను. అక్కడ నీడ బాగుంది. నిద్ర ఇంకా బాగుంది.

ఎనిమిది రోజులు కాగితం ఇంచుమించు తెల్లగానే వచ్చింది. తొమ్మిదో రోజు పొద్దున అవన్నీ తాతకు చూపించాను. గాలికి ఢోకా లేదని, రేపు రిపోర్టు పోతుందని గొప్పగా చెప్పాను. మరి సైదమ్మ అర్జీ సంగతేమిటని అడిగారు. గాలి బాగున్నాక అర్జీతో పనేముందన్నాను. సైదమ్మ విన్నది. పూల మీద నీళ్లు చిలకరించింది.

తాత లేచారు. లోపలికెళ్లి, రోజూ కూర్చునే చాప చుట్టి చంకన పెట్టుకొచ్చారు. సైదమ్మ బుట్ట పక్కన పరిచి కూర్చున్నారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు.

కాసేపట్లో లేస్తారులే అనుకుని నేను మిద్దెక్కాను. మధ్యాహ్నం తాత అన్నం అక్కడే తిన్నారు. సాయంత్రానికి తెల్లగడ్డం బూడిదరంగుకు తిరిగింది. దగ్గు పట్టుకుంది. ఆయన దగ్గితే సైదమ్మ మంచినీళ్లు ఇస్తోంది, సైదమ్మ దగ్గితే ఆయన ఇస్తున్నారు.

ఉండలేక కిందికి పరుగెత్తాను.

"లోపలికి రండి తాతా. ఇక్కడ గాలి మంచిది కాదు."

తాత తలెత్తి చూశారు.

"ఎవరు చెప్పారు నాయనా?"

నోరు తెరిచాను. పొగ లోపలికి పోయింది.

సైదమ్మ మాల కట్టడం ఆపలేదు. "ఆ పిల్లోడికి తెలుసులే తాతా. తెలిసే మిద్దెక్కాడు."

ఆమె గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది.

యంత్రం దించాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆ సాయంత్రం ఒక్కణ్ణే దించాను. మెట్టు మెట్టుకీ ఆగి, మోకాలు కొట్టుకుని, చొక్కా చించుకుని దించాను. రోడ్డు వారన నిలబెట్టి కొత్త కాగితం పెట్టాను. రిజిస్టరు తెరిచి, ఆ ఎనిమిది రోజులూ కొట్టేశాను. దొంగల భయం అన్నది అబద్ధమని, ఎండకీ పొగకీ ఓర్వలేక నేనే యంత్రాన్ని మార్చానని రాసి సంతకం చేశాను. అంత చిన్న సంతకం నేనెప్పుడూ పెట్టలేదు.

మర్నాడు అదే వేళకు కాగితం తీశాను. నల్లగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని తాత దగ్గరికి వెళ్లాను.

ఆయన దాని వంక చూడలేదు. చాప మీద కొంచెం పక్కకు జరిగారు, ఒక మనిషికి సరిపడా.