పడని గండి

కోట గంట ఉదయం ఆరు కొట్టేసరికి సుంకులమ్మ కాలువగట్టు మీద ఎండ్రకాయ బొరియలో మట్టి కూరుతోంది. అంతలో భటుడు పరుగున వచ్చి కొలువుకు రమ్మన్నాడు.

పని కొలిచి జీతమివ్వాలని మంత్రి విరూపాక్షయ్యకు కొత్త ఉత్సాహం పుట్టింది. గట్టు కాసేవాళ్లు పూడ్చిన గండ్లు లెక్కపెట్టించాడు. అందరికంటే ఎక్కువ పూడ్చిన బసప్పకు వెండి కడియం తొడిగాడు. ఒక్కటీ పూడ్చని సుంకులమ్మను పనిలోంచి తీసేస్తానన్నాడు.

"ఏడాదంతా ఏం చేశావమ్మా?"

"గండి పడకుండా చూశాను సామీ."

"పడని గండిని నేనెట్లా లెక్కపెట్టేది?"

సభంతా గొల్లుమంది. రాజుగారి పక్కన మీసం దువ్వుతున్న సేనాపతి కనబడగానే సుంకులమ్మ చప్పున చేతులు జోడించింది.

"అయితే నాతోపాటు సేనాపతిగారినీ పంపేయండి సామీ! ఈ ఏడాది కోటలో జొరబడ్డ శత్రువుల్ని ఎందరిని తరిమారాయన? ఒక్కణ్ణీ తరమలేదే!"

సేనాపతి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. రాజు పగలబడి నవ్వాడు.

"కొలత మార్చవయ్యా మంత్రీ! కాలువ చివరి పొలానికి నీళ్లందాయా లేదా, అది చూడు. ఈమె పని ఈమెదే!"

పది రోజుల తర్వాత ఒక సంగతి తెలిసింది. కొలత మారిన నాటినుంచి బసప్ప గట్టుకు ఒక్క గండీ పడలేదు.