కందిచేలో మెహరున్ రాకెట్

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతితోనే నా చదువు ఆగిపోయింది. ఓబులేసు సారు దగ్గర రాకెట్లు నేర్చుకునే పిల్లలకు అన్నం వండుతాను కాబట్టి ఈ సంగతి కళ్లారా చూశాను. తప్పులుంటే మన్నించి చదువుకోండి.

సారు పోలీసు వైర్‌లెస్సులో పనిచేసి రిటైరైనారు. ఏదడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఆ పిల్లలు చేసే రాకెట్లు మనిషి చెయ్యంత ఉంటాయి. పైకి పోయి, గొడుగు విప్పుకొని ఎక్కడో దిగుతాయి. లోపల చిన్న రేడియో ఒకటి కూత పెడుతుంటుంది, అందరివీ ఒకే తీరు కూత. చేతిలో ఏరియల్ పట్టుకొని ఆ కూత వెంబడి పోయి వెతుక్కోవాలి. ఆ రేడియో ఇంత బలానికి మించి పలకకూడదని సర్కారు హద్దు. కూతకూ కూతకూ నడుమ కాసేపు ఊరుకోవాలని సారు కట్టుబాటు.

గురుమూర్తి అనే శిష్యుడు ఒకనాడు అడిగాడు. "గాలికి గట్లెక్కడివి సార్? బలం పెంచితే ఇంకా దూరం వినబడుతుంది కదా. నా రేడియో గట్టిగా పలికితే ఎవరి సొమ్ము పోయింది?"

"ఎగరేసే రోజు రానీలే" అన్నారు సారు.

ఆ రోజు గురుమూర్తి ఎవరికీ చెప్పకుండా తన రేడియోకు బలం పెంచి, నడుమ ఊరుకోవడం కూడా తీసేసి తెచ్చాడు. వాడి రాకెట్ ఇట్లా దిగిందో లేదో అట్లా దొరికింది. "చూసినారా సార్!" అంటూ దాన్ని సంచిలో వేసుకున్నాడు.

తర్వాత మెహరున్ అనే ఇంకో శిష్యురాలి రాకెట్ ఎగిరింది. గాలికి కొట్టుకుపోయి, నిలువెత్తు కందిచేలల్లో ఎక్కడో పడింది. ఎంత ఎత్తు పోయిందో ఆ లెక్క రాకెట్‌లోనే ఉంటుంది. అది చూపిస్తేనే ఆ పిల్లకు ముందు జరగబోయే రాకెట్ల పోటీలో చోటు. సాయంత్రానికి బ్యాటరీ అయిపోతే ఇక కూతే ఉండదు.

"భయపడొద్దు మెహరున్, నేనున్నా కదా!" అని గురుమూర్తి సంచి భుజానేసుకొని అందరికన్నా ముందు చేలోకి దూరాడు. మనసు మంచిదే వాడిది. మెహరున్ ఏరియల్ తిప్పింది. ఒక దిక్కున కూత గట్టిగా వినబడింది. కందికొమ్మలు గీసుకుంటున్నా పరుగెత్తింది. అక్కడ గురుమూర్తి. ఇంకో దిక్కున వినబడింది. పోతే అక్కడా వాడే.

"అన్నా, మాటిమాటికీ నువ్వే దొరుకుతున్నావు. నువ్వు నాకెందుకు, నా రాకెట్ కావాలి!" అంది. నవ్వబోయి ఏడ్చేసింది.

పొద్దు వాలుతోంది. ఎగరేసిన చోటి నుంచి నడిచి వచ్చిన సారు ఒక్క క్షణం విని, "గురూ, ఆ సంచి ఇట్లా తే" అన్నారు. అందులోని రాకెట్ తీసి, బ్యాటరీ పీకి వాడి చేతిలో పెట్టారు.

మోత ఆగింది. అప్పుడు, ఊపిరి బిగబట్టి వింటే గాని తెలియనంత సన్నగా, ఒక కూత. కొంచెం ఆగి, ఇంకొకటి. మెహరున్ కళ్లు తుడుచుకొని అటు తిరిగింది.

గురుమూర్తి ముఖం చిన్నబోయింది. "సార్, నేను సాయమే చేస్తున్నాననుకుంటి..."

"ఊరుకో నాయనా" అన్నారు సారు. "ఆ పిల్ల వింటాంది."

చీకటి పడకముందే రాకెట్ దొరికింది. గురుమూర్తి తన ప్రశ్న మళ్లీ అడగలేదు.

మర్నాడు పొద్దున నేను టీవీ ఆపేసి మా అత్త మంచం పక్కన కూర్చున్నాను. పక్షవాతం వచ్చినాక ఆమె మాట సన్నబడింది. చాలాసేపటికి పెదవులు కదిలించింది. నేను దగ్గరికి వంగాను.