కూతకొచ్చేదెవరు?

మద్దిలేటి చేతికి చిక్కిన మనిషి నడిగీత దాటి వెనక్కి పోయాడన్న మాట నంద్యాల చుట్టుపక్కల ఎవరూ విన్నది లేదు. అతను కూతకొచ్చినవాడి మడమ పట్టుకుంటే, ఊళ్ళో ఉన్న వాడి తమ్ముడు కూడా కుంటేవాడు. ఒకసారి సరదాకి నడుస్తున్న బండి చక్రం పట్టుకున్నాడు. ఎద్దులు రెండూ మెడలు తిప్పి చూసి, ఓహో మద్దిలేటా అనుకుని, అక్కడే పడుకుని తీరిగ్గా నెమరు వేసుకున్నాయి.

అంతటివాడికి ఒక చిక్కొచ్చి పడింది. అతనితో ఆడడానికి ఎవరూ రావడం లేదు.

దానికి కారణం హుసేనప్ప మోకాలు.

హుసేనప్ప పరాయివాడు కాదు. మద్దిలేటితో కలిసి ఒకే బడిలో ఒకే బెత్తంతో దెబ్బలు తిన్నవాడు, దొంగిలించిన మామిడికాయను చెరిసగం కొరికినవాడు. కబడ్డీలో అతనిది కూత, మద్దిలేటిది పట్టు. ఆ ఇద్దరూ ఉన్నంతకాలం వాళ్ళ జట్టుకు ఎదురులేదు. రెండు నెలల కిందట సాధనలో హుసేనప్ప ఎదుటి పక్షాన కూతకు వచ్చాడు. మద్దిలేటి కాలు దొరకబుచ్చుకున్నాడు. హుసేనప్పకు ఊపిరి అయిపోయింది, కూత ఆగింది. "అయిపాయ, ఇడ్చిపెట్టు రా" అన్నాడు నవ్వుతూనే. చుట్టూ జనం చప్పట్లు కొడుతున్నారు. మద్దిలేటి విడిచిపెట్టలేదు. ఇంకొంచెం మెలితిప్పాడు.

మోకాలు టక్కుమంది. చప్పట్లు ఆగిపోయాయి.

పరామర్శకు అందరూ వెళ్ళారు, మద్దిలేటి తప్ప. వెళ్దామనుకోలేదని కాదు. ఏదో ఒక సాయంత్రం బయలుదేరేవాడు. హుసేనప్ప వాళ్ళ వీధి మలుపు దాకా పోయి, అక్కడి కొట్లో సోడా తాగి తిరిగొచ్చేవాడు. ఆ రెండు నెలల్లో అతను తాగిన సోడాలకు కొట్టాయన మిద్దె మీద ఇంకో అంతస్తు లేపాడు. ఎవరైనా అడిగితే మాత్రం, "ఆటన్నాక తగలదా?" అనేవాడు.

ఇప్పుడు దర్గా ఉరుసు దగ్గరికొచ్చింది. ఉరుసులో కబడ్డీ పోటీలు. మద్దిలేటి సాధనకు పిలిస్తే ఒకడికి జ్వరం, ఒకడికి పెళ్ళిచూపులు, ఇంకొకడి బర్రె ఈనుతోంది. ఆ ఒక్క వారంలో ఈనిన బర్రెలను లెక్కేస్తే జిల్లా అంతటికీ పాలు సరిపోవాలి.

ఆఖరికి మద్దిలేటి కుందూ ఏటి ఒడ్డున కసరత్తులు చేసే తాలింఖానాకు, దస్తగిరి ఉస్తాదు దగ్గరికి వెళ్ళాడు.

ఆ తాలింఖానాకు ఏ ఆటవాళ్ళయినా రావచ్చు. దండీలు, బస్కీలు, తాడు ఎక్కడం, గద తిప్పడం, అన్నీ ఉస్తాదు నేర్పించాల్సిందే. ఆయన వయసు ఆయనకూ తెలియదు. కుందూ ఏరు చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఎరుగుదునంటాడు. ఆ సాయంత్రం కబడ్డీ బరి పక్కన గొంతుక్కూర్చుని, ఎర్రమట్టిని గుప్పెట్లోకి తీసుకుని నలుపుతూ గులకరాళ్ళు ఏరి అవతల పారేస్తున్నాడు.

"ఉస్తాద్, ఒక్కడూ రావడంలే" అన్నాడు మద్దిలేటి.

"ఎందుకంట?"

"పిరికోళ్ళు. కబడ్డీకి కావాల్సిన ఒళ్ళు వాళ్ళకు యాడుంది? ఫుట్‌బాల్ ఆడుకోమనండి. గాలి నిండా పీల్చుకుంటా బంతి ఎనకాల తిరగొచ్చు. వాలీబాలంటే మధ్యలో వల కట్టుకుంటారు, ఒకని మీద ఒకని చెయ్యి పడదు. ఇంక క్రికెట్టు! మధ్యాన్నం కూచుని అన్నం తినొచ్చి మళ్ళా ఆడతారు. అదీ ఒక ఆటేనా? ఊపిరి బిగబట్టి, ఏడు మంది మీద పడితే తట్టుకోవాలంటే కబడ్డీ ఒక్కటే."

తాడు మీద సగం దాకా ఎక్కిన ఓబులేసు అక్కడి నుంచే అరిచాడు. అతను ఫుట్‌బాల్ ఆటగాడు. "ఏంది బ్బా, మంచం పరిచేంత జాగాలో ఆడుకుంటా మాకు చెప్తాండావ్! మా మైదానంలో ఒక్క ఆట ఆడి చూపీ. మీ ఇంటికి నిన్ను చాపలో చుట్టుకపోవాల."

"ఇద్దరూ నేల మీద పాకేటోళ్ళే గానీ," అన్నాడు వాలీబాల్ సుంకన్న, బస్కీలు తీస్తూనే. "లేచి గాల్లో నిలబడి కొట్టేది వస్తాదా మీకు?"

మాట మీద మాట పెరిగింది. ఉస్తాదు రాళ్ళు ఏరుతూ అంతా విన్నాడు.

"నోటితో తేలేది కాదు ఇది" అన్నాడు చివరికి. "ఎవరి ఆట వాళ్ళు చూపించండి. పోయి హుసేనప్పను పిల్చుకరాండి, చూసేవాడొకడు ఉండాల కదా."

హుసేనప్ప పేరు వినగానే మద్దిలేటి మొలకున్న తువ్వాలు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

హుసేనప్ప చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, బరి పక్కన రాయి మీద కూర్చున్నాడు. కట్టు విప్పేసి వారమయింది. కాలు ఇంకా పూర్తిగా మడవడం లేదు. మద్దిలేటిని చూశాడు.

ముందుగా ఓబులేసు దిగాడు. బంతి కాలికి అంటుకున్నట్టు, తాలింఖానా చుట్టూ, ఏటి ఇసకలో, అలా పరిగెత్తుతూనే ఉన్నాడు. అతని నీడ కాసేపు వెంబడించి, ఇక నా వల్ల కాదని వేపచెట్టు కింద కూలబడింది. ఓబులేసు ఆగాక వెళ్ళి దాన్ని లేపుకురావాల్సి వచ్చింది.

తర్వాత సుంకన్న ఎగిరాడు. గూళ్ళకు పోతున్న కొంగలు వరస తప్పి దారిచ్చాయి. కిందున్నవాళ్ళు బీడీ ముట్టించుకుని, సగం కాల్చి, అగ్గిపెట్టె పక్కవాడికి అందించాక గానీ అతను నేల మీదికి దిగలేదు. క్రికెట్ కుర్రాడొకడు ఏటి అవతలి గట్టు నుంచి బంతి విసిరి ఈవలి గట్టున పాతిన పుల్లను కొట్టాడు. పుల్ల ఈరోజుకీ దొరకలేదు.

"భలే, భలే" అన్నాడు ఉస్తాదు ప్రతి ఒక్కడినీ. "ఇంక నువ్వు రా, మద్దిలేటీ."

మద్దిలేటి బరిలోకి దిగి తొడ చరిచాడు. ఆ చప్పుడికి నంద్యాల స్టేషన్లో రైలొచ్చిందని కూలీలు లేచి నిలబడ్డారు. కాళ్ళు ఎడం పెట్టి, చేతులు చాచి, నడిగీత వైపు చూస్తూ నిలబడ్డాడు.

కాసేపు గడిచింది.

"కానీ రా" అన్నాడు ఉస్తాదు.

"ఎవరన్నా కూతకు రావాల కదా, ఉస్తాద్."

"అట్లనా?" ఉస్తాదు నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూశాడు. "ఓబులేసు ఒక్కడే ఉరికినాడు. సుంకన్న ఒక్కడే ఎగిరినాడు. నీ బలం కనపడాలంటే ఇంకొకడు రావాల్నా?"

మద్దిలేటి చుట్టూ చూశాడు. ఓబులేసు బూటు తాడు కట్టుకుంటున్నాడు. సుంకన్న కొంగలు పోయిన వైపు చూస్తున్నాడు. కబడ్డీ కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు నక్కారు. తల దించనివాడు హుసేనప్ప ఒక్కడే. ఆ చూపుకు మద్దిలేటి చాచిన చేతులు వాటంతటవే కిందికి దిగాయి.

"ఎవరూ రారా?" అన్నాడు ఉస్తాదు. మట్టి చేతులు దులుపుకుని లేచి, లుంగీ పైకి చెక్కాడు. "అయితే నేనొస్తా."

"మీరా? వద్దు ఉస్తాద్!"

"ఏం, నేను కబడ్డీ ఆడలేదా?"

ఆయన ఆడిన సంగతి ఎవరికి తెలియదు? వయసులో ఉన్నప్పుడు ఆయన కూత మొదలుపెడితే, చూసేవాళ్ళు ఇళ్ళకు పోయి, సంగటి తిని, ఒక కునుకు తీసి వచ్చినా అదే కూత నడుస్తూ ఉండేది. ఒకసారి ఆ కూత వినే ఒక పిల్లవాడికి మాటలొచ్చాయి. వాడికి తొలిపలుకు అమ్మ కాదు, కబడ్డీ.

కానీ అదంతా అప్పటి మాట.

ఉస్తాదు వంగి నేలను తాకి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని గీత దాటాడు. "కబడ్డీ... కబడ్డీ..." గొంతు సన్నగా ఉంది. ఈల లాంటిదేదో లోపల నుంచి వస్తోంది. అయినా ఒక్కొక్క అడుగే వేస్తూ, మద్దిలేటి కళ్ళలోకి చూస్తూ లోపలికి వచ్చాడు. వచ్చి, చాచిన చేత్తో అతని భుజాన్ని తాకాడు. బిడ్డ ముఖం మీది నుంచి ఈగను తోలినట్టు తాకాడు.

తాకి వెనక్కి తిరిగాడు. తిరగడంలో కాలు జారింది.

మద్దిలేటి దూకాడు.

ఇంక ముసలాయన ఎముకలు ఏరుకోవాల్సిందేనని బయటివాళ్ళు కళ్ళు మూసుకున్నారు. తెరిచి చూసేసరికి మద్దిలేటి కింద ఉన్నాడు. ఉస్తాదు అతని ఛాతీ మీద ఉన్నాడు. ఒక చెయ్యి ఉస్తాదు తల వెనక, ఇంకో చెయ్యి మోకాళ్ళ కింద. నేల దెబ్బంతా మద్దిలేటి వీపు, మోచేయి తీసుకున్నాయి.

కూత ఆగిపోయింది.

ఉస్తాదు అలాగే పడుకుని కాసేపు ఊపిరి తీసుకున్నాడు. కిందున్న గుండె దడదడ ఆయన చెవికి వినపడుతూనే ఉండాలి.

"అవుటా?" అన్నాడు.

"అవుటే, ఉస్తాద్. ఎక్కడన్నా నొచ్చిందా?"

"లేదు నాయనా. నీకు?"

"మోచేయి గీరుకపోయింది. ఏం కాదులే."

మద్దిలేటి ఆయన్ను నెమ్మదిగా లేపి, నిలబెట్టి, లుంగీకి అంటిన మట్టి దులిపాడు. ఉస్తాదు అతని మోచేయి పట్టుకుని, రక్తం చెమర్చిన చోట తన తలగుడ్డ కొసతో అద్దాడు.

"ఈ పట్టు నేను నేర్పింది కాదే" అన్నాడు. "యాడ నేర్చినావు రా?"

రెండు నెలలుగా వీధి మలుపు దగ్గరే ఆగిపోయిన మద్దిలేటి, రాయి మీద కూర్చున్న హుసేనప్ప వైపు చూశాడు.

తర్వాత అతను చేసింది ఎవరూ అనుకోనిది. బరిలో మోకాళ్ళ మీద కూర్చుని, నడిగీత పొడుగునా మట్టిని వేళ్ళతో నలుపుతూ గులకరాళ్ళు ఏరి అవతలికి విసరడం మొదలుపెట్టాడు.

హుసేనప్ప రాయి మీది నుంచే ముందుకు వంగాడు.

"ఏం రా, ఏమన్నా పారేసుకుంటివా?"

"రాళ్ళుండాయి రా."

"ఇన్నాళ్ళూ లేవా?"

"ఉండె. నేనే చూసుకోలే."

మద్దిలేటి తల ఎత్తకుండా ఇంకో గుప్పెడు మట్టి తీసుకున్నాడు. చేతికర్ర రాతికి ఆనించిన చప్పుడు వినిపించింది. తల ఎత్తేసరికి హుసేనప్ప గీత అవతల నిలబడి ఉన్నాడు, బరువంతా ఒక కాలి మీద వేసి.

"వద్దు రా, కాలు..."

"పడతానేమో" అన్నాడు హుసేనప్ప. "చూసుకో."

వంగి నేలను తాకి, కుంటికాలు ముందు పెట్టి గీత దాటాడు. "కబడ్డీ... కబడ్డీ..."

మద్దిలేటి రెండు చేతులూ చాచాడు. ఒకటి హుసేనప్ప తల ఎత్తున, ఇంకొకటి కుంటికాలి మోకాలి ఎత్తున.

బరి అంచున ఓబులేసు ఉండబట్టలేక ఉస్తాదు చెవి దగ్గరికి వంగాడు. "ఇంతకూ ఏ ఆటకు ఎక్కువ ఒళ్ళు కావాలో చెప్పకపోతిరి, ఉస్తాద్?"

ఉస్తాదు బరి మీది నుంచి చూపు తిప్పకుండా పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

"ఉష్... కూత నడుస్తాండాది."