అద్దం మీద అయ్యగారు

హేమంత్‌కి దిగులు పట్టుకుంది. మెషీన్ పెట్టి నెల తిరగలేదు, మఠానికి బిళ్లల కోసం వచ్చే ముసలివాళ్లు సగానికి సగం తగ్గిపోయారు.

గిద్దలూరు దాటినాక కొండ కింద ఉంటుంది మా మఠం. దాతలు పంపే బీపీ బిళ్లలు, షుగరు బిళ్లలు సోమవారం సోమవారం పేదలకిస్తాం. ఇరవై రెండేళ్లు ఆ పని నాది. నాకు సంతకం వరకే చదువు. అయినా ఒకరి పొట్లం ఇంకొకరికి పోలేదు.

కంప్యూటరు చదివి వచ్చిన హేమంత్, అయ్యగారి దగ్గర ఉపదేశం తీసుకున్న ఏడాదికే, అందరి ముందూ అన్నాడు. "చదువు రాని చేతుల్లో మందులు పెట్టకూడదు పెద్దాయనా, ప్రమాదం." నన్ను తెచ్చి చెప్పులు కాసే చోట కూర్చోబెట్టారు. ఆ మాట నేను మరవలేదు.

మెషీనంటే ఇనప బీరువా. ముందర అద్దం, ఆ అద్దం నిండా మా గురువు పరిపూర్ణయ్యగారి ఫొటో. కార్డు లోపల పెట్టి, ఫొటోని వేలితో నొక్కితే పొట్లం కింద పడుతుంది.

"అక్షరాలు రానివాళ్ల కోసమే బొమ్మ పెట్టాను. ఇంతకంటే సులువు ఏముంటుంది?" అనేవాడు హేమంత్.

ఒకనాడు కబురొచ్చింది. సోమవారం సోమవారం బిళ్లలకి వచ్చే ఓబులమ్మకి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మూడు వారాలుగా ఆమె బీపీ బిళ్ల వేసుకోలేదట.

హేమంత్ పరుగున అయ్యగారి దగ్గరికి పోయాడు. వెనకే నేనూ పోయాను.

"నా తప్పేముంది అయ్యగారూ? నేనున్ననాడు నేనే నొక్కి ఇస్తున్నా. లేనినాడు వాళ్లు నొక్కరు. దండం పెట్టుకుని పోతారు. ఎంత చెప్పినా వీళ్లకి ఎక్కదు."

అయ్యగారు చాప మీద కూర్చుని ఉన్నారు. "ఇట్లా రా నాయనా" అన్నారు. హేమంత్ ఎదురుగా కూర్చున్నాడు.

"నా మొగం మీద వేలు పెట్టి నొక్కు."

"అయ్యగారూ!"

"నొక్కు. నాకేం నొప్పి లేదులే."

హేమంత్ వేలు లేచింది. బెత్తెడు దూరంలో ఆగిపోయింది. అయ్యగారు కళ్లార్పకుండా చూస్తున్నారు. కాసేపటికి ఆ చెయ్యి దానంతటదే కిందికి దిగి అయ్యగారి పాదాల మీద పడింది. హేమంత్ తల ఎత్తలేదు.

నాకు లోపల చల్లగా అయింది. ఊరుకోలేకపోయాను.

"నాకు మొదటి వారమే తెలుసయ్యా. ఓబులమ్మ అద్దం ముందు కొంగు కప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడితే చూస్తూనే ఉన్నా. అయ్యగారి మొగాన వేలెట్లా పెడుతుంది? ఆ మాత్రం తెలియడానికి కంప్యూటరు చదవాలా?"

అయ్యగారు నా వైపు తిరిగారు.

"ఎంతసేపు నిలబడింది పిచ్చయ్యా?"

"పొద్దున వచ్చింది. అన్నం గంట కొట్టేదాకా నిలబడింది."

"నిన్నేమీ అడగలేదా?"

నేను నేల చూశాను. అడిగింది. "పిచ్చయ్యన్నా, అయ్యగారు ఎప్పుడు పలుకుతారు?" అని అడిగింది. "నాకేం తెలుసమ్మా, నేను చదువు రానోణ్ణి. ఆ ఇంజనీరునే అడుగు" అన్నాను. ఆనాడు ఇంజనీరు ఊళ్లో లేడు. ఆ సంగతి నాకు తెలుసు. తర్వాతి రెండు సోమవారాలూ అతను లేనప్పుడే ఆమె వచ్చింది, నిలబడింది, పోయింది. ఈ మెషీను పాడుబడితే నా పని నాకొస్తుందని నేను చెప్పుల దగ్గరే కూర్చున్నాను.

ఇదంతా పైకి చెప్పలేదు. "అడిగింది" అన్నాను, అంతే.

అయ్యగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"ఆమెకి నేను అడ్డమొచ్చాను" అన్నారు. "నీకెవరు అడ్డమొచ్చారు?"

హేమంత్ ఆ రోజే ఫొటో తీసేశాడు. అందరూ వెళ్లిపోయాక, చెప్పుల దగ్గర నా పీట నుంచి ఆ అద్దం దాకా అడుగులు వేసి చూశాను.

పదకొండు.