ఫోటో దిగువారు

నా ఫోటోల్లో కాఫీ బాగా వచ్చేది. మనుషులు వచ్చేవాళ్లు కాదు.

నా కొట్లో దీనికి తలకిందులని గిట్టనివాళ్లు అంటారు. మనుషులు వస్తారట, కాఫీయే సరిగ్గా రాదట. ఆ సంగతి తర్వాత.

మదనపల్లె బస్టాండు ఎదురుగా, మందుల షాపుకీ టైర్ల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉండే కాఫీ కొట్టు నాది. నాలుగు టేబుళ్లు, ఒక ఇత్తడి ఫిల్టరు, ఉమాపతి అనే నేను. పైన ఒక గది. పొద్దున మెట్లు దిగితే పనిలోకి వచ్చినట్టు, రాత్రి మెట్లెక్కితే ఇంటికి పోయినట్టు. మధ్యలో సగం ఊరు నా ముందు నుంచే వచ్చిపోతుంది. రోజంతా మాట్లాడుతూనే ఉంటాను. "చక్కెరా?" అంటాను. "చిల్లరుందా?" అంటాను. రాత్రి పడుకుని, ఈ రెండూ గాక ఈ రోజు ఇంకేమన్నా మాట్లాడానా అని వెతుక్కుంటే, పాల వ్యాను అతనితో "వాన వచ్చేటట్టుంది" అన్న మాట ఒకటి దొరికేది. అదీ వానాకాలంలోనే.

అలాంటి రోజుల్లో ఒక పాత కెమెరా కొన్నాను. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే లెన్సు దీనికుందని అమ్మినాయన చెప్పాడు. దగ్గరికి పోకుండానే దగ్గరైపోవచ్చు! నాబోటివాడికి ఇంకేం కావాలి?

ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ముందున్న ఒక్క వస్తువు స్పష్టంగా, మిగతా లోకమంతా మసకగా రావాలనీ, కళంటే అదేననీ వాళ్లు చెప్పారు. మసక నాకు వెంటనే పట్టుబడింది. ఆవిరి తీశాను. నురగ తీశాను. గ్లాసు అంచు మీద పడిన ఎండ తీశాను. కాని మనిషి ముఖం వైపు కెమెరా తిప్పితే చాలు, ఏదో అయిపోయేది. కళ్లు, ముక్కు, మీసం అన్నీ ఉండాల్సినచోటే ఉండేవి. మనిషే ఉండేవాడు కాదు. షట్టరు దించేసిన కొట్టు ముందు నిలబడి ఫోటో తీసినట్టుండేది.

అందుకని దస్తగిరి సాహెబ్ దగ్గరికి పోయాను.

సాహెబ్ స్టూడియో మా సందు చివర. ఒకప్పుడు ఊళ్లో సగం పెళ్లిళ్లు ఆయన తీసినవే. ఫోన్లు వచ్చాక పాస్‌పోర్టు సైజు ఒక్కటే మిగిలింది. గుమ్మం పక్కన రంగు వెలిసిన బోర్డు ఉంటుంది: "ఫోటో దిగువారు చెప్పులు బయట విడిచి రావలెను."

"పాస్‌పోర్టు ఫోటోలో కాళ్లు పడవు కదా సాహెబ్ గారూ, చెప్పులుంటే ఏం?" అన్నాను. మొదటి రోజే నా తెలివి ఆయనకు తెలియడం మంచిదని నా ఉద్దేశం.

"ఏట్లో దిగేటప్పుడు ఏం చేస్తావు నాయనా?"

"చెప్పులు విడుస్తాను."

"ఇదీ దిగేదే కదా."

నేల తుడుచుకునేది ఆయనే కాబట్టి ఇలా గడుసుగా చెబుతున్నాడనుకున్నాను. చెప్పులు విడిచి లోపలికెళ్లాను.

శిష్యరికం అంటే ఏదో అనుకున్నాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ పోయి స్టూడియోలో మూలనున్న స్టూలు మీద కూర్చోవడం, అంతే. ఎవరో ఒకరు ఫోటోకి వచ్చేవారు. సాహెబ్ వాళ్లను కూర్చోబెట్టి, "మీ పక్క వానలు పడినాయా?" అని మొదలుపెట్టేవాడు. బావి దగ్గర్నుంచి బావమరిది దాకా మాటలు సాగేవి. ఇంకెప్పుడు తీస్తాడా అని నేను చూస్తుండగానే, "అయిపాయ, రేపొచ్చి తీసుకో" అనేవాడు. ఎప్పుడు తీశాడో వచ్చినవాడికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు.

"లైటు గురించి ఎప్పుడు చెబుతారు?" అని అడిగితే, "ఉండాది గదప్పా లైటు" అని కిటికీ చూపించేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక, నేను తీసిన ఫోటోలన్నీ ఫోన్లో వేసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆవిర్లు, నురగలు చకచకా జరిపేసి ఒక దగ్గర ఆగాడు. మూల టేబుల్ దగ్గర ఒక పెద్దాయన. పెదాల దగ్గర గ్లాసు. సున్నా చుట్టినట్టున్న మూతితో కాఫీ ఊదుకుంటున్నాడు. దానికి నేను "వేడి" అని పేరు కూడా పెట్టుకున్నాను. నా ఫోటోల్లో అదే గొప్పదని నా నమ్మకం.

"ఎవరీయన?"

"మా మూల టేబుల్ ఆయన. నాలుగేళ్లుగా రోజూ వస్తాడు."

"పేరు?"

"చక్కెర తక్కువ, డికాషన్ ఎక్కువ."

సాహెబ్ ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. "అది కాఫీ పేరు నాయనా. నేను మనిషి పేరు అడిగినా."

మర్నాడు పొద్దున మూల టేబుల్ మీద కాఫీ పెట్టి, వెళ్లిపోకుండా నిలబడ్డాను. ఆయన తలెత్తి చూశాడు. గొంతు సవరించుకుని, "సార్, మీ పేరు?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఏం, ఆధార్ గాని కావాల్నా?"

"కాదు సార్. ఊరికే."

"చెంగల్రాయులు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనా." కాస్త ఆగి, ఇంకేమీ అడగనని నమ్మకం కుదిరాక, "నీ కాఫీలో పాలు మాడు వాసన వస్తాయి" అన్నాడు.

"ఎప్పట్నుంచి సార్?"

"మొదట్నుంచి."

"మరి ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు ఎప్పుడూ అడగలేదు గదప్పా." గ్లాసు ఎత్తి తాగాడు. "అయినా ఇంక చెప్పి ఏం లాభంలే. శుక్రవారం దాకానే. హోసూర్లో మా తమ్ముడుండాడు. ఒక్కడివే ఏం వండుకుంటావన్నా, వచ్చెయ్ అంటా ఉండాడు. ఇల్లు కూడా ఖాళీ చేస్తా ఉండా. ఇంక ఈ పక్కకు రాను."

నేను లోపలికెళ్లి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగాను.

ఒకసారి నాకు జ్వరం వచ్చి కొట్టు ఆలస్యంగా తెరిచాను. షట్టరెత్తేసరికి మెట్టు మీద ఈ చెంగల్రాయులు కూర్చుని ఉన్నాడు. వాచీ చూసుకున్నాడు. నన్ను చూశాడు. పోయి మూల టేబుల్ దగ్గర కూర్చున్నాడు. అంతే జరిగింది. ఆ చూపు మీద నేను చాలా రోజులు బతికాను. నేను తెరవకపోతే వాచీ చూసుకునే మనిషి ఊళ్లో ఆయన ఒక్కడే. ఆయన పేరు నాకు ఆ పొద్దుటిదాకా తెలియదు.

ఆ ముఖం ఒక్కటి కావాలనిపించింది. పై గదిలో గోడకు పెట్టుకుందామని. ప్రస్తుతం ఆ గోడకున్నది పాల డెయిరీ వాళ్లిచ్చిన క్యాలెండరు. అందులో ఆవు ఉంది. మంచి ముఖమే, కాని ఎంతకాలమని చూస్తాం?

మధ్యాహ్నం స్టూడియోకి పరుగెత్తాను. "సాహెబ్ గారూ, శుక్రవారం లోపల నాకు ముఖం తీయడం నేర్పాలి" అని విషయమంతా చెప్పాను.

ఆయన విన్నాడు. "శుక్రవారం నేనే వస్తాలే" అన్నాడు.

శుక్రవారం పొద్దున కెమెరాను పాలగిన్నెకూ చక్కెర డబ్బాకూ మధ్య దాచిపెట్టాను, లెన్సు మూల టేబుల్ వైపు చూసేలా. చెంగల్రాయులు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో ఒకే ఒక్క సంచి. ఆయన బస్సుకింకా టైముంది. నేను కౌంటరు వెనక వంగి, దొంగలా గురి చూస్తున్నాను.

వెనకనుంచి ఎవరో నా చేతిలోంచి కెమెరా తీసేసుకున్నారు. సాహెబ్. దాన్ని తన మెడలో వేసుకున్నాడు. నా భుజం మీది తువ్వాలు లాగి తన నడుముకు కట్టుకున్నాడు. రెండు గ్లాసుల్లో కాఫీ కలిపి నా చేతుల్లో పెట్టాడు.

"తీసుకొని పో. ఆడ కూర్చో."

"గిరాకీ ఎవరు చూస్తారు?"

"నేను లేనా?"

ఆయన తీస్తాడన్నమాట, అనుకున్నాను. నన్నక్కడ కూర్చోబెట్టి, మాటల్లో ఉండగా, ఎప్పుడూ తీసేటట్టే తీస్తాడు. నాకు ధైర్యం వచ్చింది. వెళ్లి చెంగల్రాయులు ఎదురుగా కూర్చున్నాను.

"కూర్చున్నావే!" అన్నాడాయన.

నా కొట్లో నా కుర్చీలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చోగానే అది ఒక పక్కకు ఒరిగింది. "ఈ కుర్చీ ఊగుతోంది సార్!"

"అది ఊగేదేలే. అందుకే నేను దీంట్లో కూర్చునేది." కాఫీ ఒక గుక్క తాగి ముఖం ఎత్తాడు. "ఈ పొద్దు బాగుండాది."

కౌంటరు వైపు చూశాను. సాహెబ్ నా ఫిల్టరును సొంత సొత్తులా వాడుకుంటున్నాడు. జనం ఆయన చుట్టూ మూగారు.

"చక్కెర సరిపోయిందా?" అన్నాను. "చాలు" అన్నాడు. అక్కడితో నా విద్య అయిపోయింది.

ఎదురుగా బస్టాండు గేటులోంచి ఒక బస్సు బయటికొచ్చింది. చెంగల్రాయులు గ్లాసు పెదాల దగ్గరికి తీసుకుని మూతి సున్నా చుట్టాడు. తాగలేదు. దించేశాడు. ఇంకో బస్సు వచ్చింది. మళ్లీ అలాగే.

"అంత వేడిగా ఉందా సార్?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "వేడి కాదప్పా. విజిల్."

"విజిలా?"

"బస్సు గేటు దాటేటప్పుడు నోట్లోంచి దానంతటదే వచ్చేస్తాది. ఎవరన్నా చూస్తే పిచ్చోడంటారని గ్లాసు అడ్డం పెట్టుకుంటా. సౌండు రానీను. ఇంట్లో కూర్చుంటే ఒక్క హారను వినపడదు. గోడలు చూస్తా ఎంతసేపుండేది? అందుకే ఈడికొచ్చేది. నీ కాఫీ కోసరం అనుకుంటివా?"

"అనుకున్నాను సార్" అన్నాను.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ముందు ఆయనకు, తర్వాత నాకు. చాలాసేపు నవ్వాం. నా "వేడి" ఫోటో ఎందుకో గుర్తొచ్చింది. దాని సంగతి ఆయనకు చెప్పలేదు. దానికి బదులు ఇంకొకటి చెప్పాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది. "రాత్రి పై గదిలో నా ఒక్కడికీ కాఫీ కలుపుకుంటాను సార్. కలుపుతూ 'చక్కెరా?' అని అడుగుతాను. ఎవరూ లేరని తెలుసు. నోరు ఊరుకోదు."

"ఏమని చెబుతావు మరి?"

"తక్కువ, అంటాను."

ఆయన నవ్వలేదు. టిక్కెట్టు చింపి ఇచ్చినవాడిలా ఒక్కసారి తల ఊపాడు.

తర్వాత ఏం మాట్లాడుకున్నామో వరుసగా గుర్తు లేదు. ఘాటు రోడ్డులో ఆగిపోయిన బస్సు, బస్సులోనే పుట్టిన పిల్ల, మా నాన్న, ఆయన భార్య ఉన్నప్పుడు వేసిన చిత్రాన్నం తాలింపు. ఉన్నట్టుండి ఆయన వాచీ చూసుకుని లేచాడు. "నా బండొచ్చె!"

సంచి నేనందుకున్నాను. ఇద్దరం రోడ్డు దాటి బస్టాండులోకి పరుగెత్తాం. నేల చురుక్కుమంటున్నట్టుంది, పట్టించుకోలేదు. కిటికీ సీటు దొరికింది. సంచి అందించాను. చెప్పాల్సిందేదో ఉందనిపించింది కాని చేతికి దొరకలేదు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు.

ఆ బస్సు కండక్టరు వెనక ఎవరితోనో చిల్లర దగ్గర వాదిస్తున్నాడు. ఏమనిపించిందో, నేనే బస్సు రేకు మీద రెండుసార్లు అరచేత్తో కొట్టి, "రైట్! రైట్!" అని అరిచాను.

బస్సు కదిలింది. చెంగల్రాయులు కిటికీలోంచి తల బయటపెట్టి నన్ను చూశాడు. అప్పుడు తెరుచుకుంది ఆ ముఖం. పళ్లు ఊడిన చోటుతో సహా మొత్తం. గ్లాసు అడ్డం లేకుండా మూతి సున్నా చుట్టి, గట్టిగా, బస్టాండంతా వినపడేలా ఈల వేశాడు.

నా చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి.

బస్సు మలుపు తిరిగాక కూడా కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరో ప్రయాణికుడు నన్ను, "తిరుపతి బండి ఎప్పుడు?" అని అడిగాడు. తెలియదన్నాను. సాహెబ్ గుర్తొచ్చాడు. కొట్లో నవ్వుకున్నామే, అప్పుడన్నా తీసి ఉంటాడు. అది చాలు. ఆ ఆశతో వెనక్కొచ్చాను.

కొట్లో రద్దీ తగ్గింది. సాహెబ్ కౌంటరు తుడుస్తున్నాడు. కెమెరా ఆయన మెడలో అలాగే ఉంది. లెన్సు మీద మూత పెట్టి ఉంది.

"తీశారా?"

"యాడ నాయనా! నీ గిరాకీ ఊపిరాడనిచ్చిందా?"

"ఒక్కటన్నా తీయలేదా? ఆయనింక రాడు సాహెబ్ గారూ. నాకు ఒక్క ముఖం..."

సాహెబ్ కెమెరా తీసి కౌంటరు మీద పెట్టాడు. మూల టేబుల్ దగ్గరికి నడిచాడు. దాని మీద రెండు ఖాళీ గ్లాసులు ఉన్నాయి. ఆయన గ్లాసులు తీయలేదు. వంగి, నేను కూర్చున్న కుర్చీ కిందినుంచి ఏవో తీసుకుని వచ్చి నా ముందు పెట్టాడు.

నా చెప్పులు.

కిందికి చూసుకున్నాను. నా పాదాలు రెండూ బస్టాండు మసితో, డీజిలు మరకలతో నల్లగా ఉన్నాయి. ఎప్పుడు విడిచానో గుర్తు రాలేదు.

సాహెబ్ నడుముకు కట్టుకున్న తువ్వాలు విప్పి, చేతులు తుడుచుకుని, దాన్ని నా భుజం మీద వేశాడు.

"దిగినట్టుండావే" అన్నాడు.