నక్క కోరుకున్న నాలుగు అంకెలు

ఆ ఏడు ఎండలకు వాగంతా ఎండి ఒక్క మడుగు మిగిలింది. పొద్దున్నే ముందు దిగినవాళ్లకు తేట నీళ్లు, వెనకొచ్చినవాళ్లకు బురద. వంతు తేల్చడానికి నక్క రెండు పాచికలు పట్టుకొచ్చింది.

“రెంటి మీది చుక్కలూ కూడితే రెండు నుంచి పన్నెండు దాకా పదకొండు అంకెలు. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, ఈ నాలుగే మా నక్కలవి. మిగతా ఏడూ మీవే! ఎవరి అంకె పడితే ఆ రోజు వాళ్లు ముందు” అంది మిగతా జంతువులతో.

నక్క వినయాలు తెలియనిదెవరికి? అయినా ఆవు మురిసిపోయింది. నెల తిరిగేసరికి ఎక్కువ రోజులు బురదే తాగడంతో దాని దూడకు పారుడు రోగం పట్టుకుంది. లేచి నిలబడలేకపోతోంది.

“నా నుదుటి రాత, ఉడుతమ్మా!” అని ఏడ్చింది ఆవు.

“రాత సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం ఉండొదినా” అంటూ ఉడుత చింతగింజలు పరిచింది. “ఒక పాచిక మీద ఒకటి పడితే రెండోది ఆరు రకాలుగా పడొచ్చు. రెండు పడినా అంతే. అలా ఆరు వరసలు, వరసకు ఆరు గింజలు. మొత్తం ముప్పయ్యారు దారులు. పన్నెండు రావాలంటే రెంటి మీదా ఆరే పడాలి, ఒక్కటే దారి. ఏడుకో? ఒకటీ ఆరూ, రెండూ అయిదూ, మూడూ నాలుగూ. తిరగేస్తే ఇంకో మూడు. ఆరు దారులు!”

అన్నీ ఏరి చూస్తే నక్క నాలుగు అంకెలకు ఇరవై గింజలు, వీళ్ల ఏడింటికి పదహారు.

ఆవు నెమరు వేయడం మరిచిపోయింది. “నా తల ఇంత ఉండి ఏం లాభం? గుప్పెడు లేని నీ తలలో ఎంత తెలివి పెట్టాడమ్మా దేవుడు!” అంది.

మర్నాడు అందరి ముందూ ఉడుత అడిగింది. “నక్కబావా, నాలుగుతో సరిపెట్టుకుని నెలరోజులు మాకోసం నష్టపోయావు. ఇవాళ్టి నుంచి ఏడూ నువ్వే తీసుకో. ఆ నాలుగూ మాకివ్వు.”

“అబ్బే, ఎందుకు? నాకు నాలుగు చాలు.”

“ఎక్కువ ఇస్తామంటే వద్దంటావేం బావా?”

నక్క గబగబా పాచికలు ఏరుకుని వెనక్కి జరిగింది. మోసం అర్థమై జంతువులన్నీ ఒక్కసారిగా గొల్లున నవ్వాయి. వానలు పడేదాకా నక్కలు అందరి వెనకే తాగాలని అక్కడికక్కడే తీర్పు చెప్పేశాయి. ఆవు దూడను మెల్లగా నడిపించుకుంటూ ముందుగా తేట నీళ్లలోకి దిగింది.

చేతికి ఎన్ని వచ్చాయని మురవకు, అవి ఎన్ని దారుల్లో పడతాయో లెక్కపెట్టుకో.